గాజులోంచి గాజుల చప్పుడు

నాకు అన్నం పెట్టేది వెలుగు. ఆ వెలుగు మీద ఒట్టేసి చెబుతున్నాను, ఈ కింద రాసిందంతా అక్షరాలా నిజం. ఇంత నిజాన్ని ఒకేచోట నేనెప్పుడూ రాయలేదు. మిచిగన్ సరస్సులో నేను పట్టిన చేప సంగతీ, మంచు తుఫానులో మా కారు తనంతట తనే ఇంటికి నడుచుకుంటూ వచ్చిన సంగతీ నమ్మనివాళ్ళు మన తెలుగువాళ్ళలోనే ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు. ఆ చేపకీ నాకూ దేవుడే సాక్షి. కానీ ఇది మాత్రం నమ్మాలి.

ఎనభైల మొదట్లో మాట. ఇల్లినాయ్‌లో అరోరా దాటాక, మొక్కజొన్న చేలు మొదలయ్యే చోట ఒక కేబుల్ కంపెనీ ఉండేది. టెలిఫోన్లకి రాగి తీగలు చెయ్యడం దాని పని. రాగిని సాగలాగి తీగ తీసే మిల్లు ఒకటి, పెద్ద ఇటుకల షెడ్డు. దాని మోత ఎంతటిదంటే, చుట్టుపక్కల ఆవులు పాలకి బదులు చిలికిన మజ్జిగ ఇచ్చేవని అక్కడి రైతులు చెప్పేవారు. నేను స్వయంగా తాగలేదు కాబట్టి దానికి హామీ ఇవ్వను.

ఆ మిల్లుకి ఎదురుగా, కార్లు నిలిపే జాగాకి ఇవతల, చిన్న గది ఉండేది. దానికి గాజు గది అని పేరు. అందులో ఇద్దరమే మనుషులం, మా బాసూ నేనూ. బాసు విస్కాన్సిన్ రైతుబిడ్డ, దూలమంత మనిషి. ఆయన చేతులు చూస్తే ఎద్దుని కొమ్ములు పట్టి ఆపగలడనిపిస్తుంది. ఆ చేతులతో ఆయన చేసే పని వెంట్రుకంత సన్నని గాజుదారాలు అతకడం.

మేం చేసేది ఏమిటంటే, మాటని రాగి తీగలో కరెంటుగా పంపడం మానేసి, వెలుగు మిణుకులుగా మార్చి గాజుదారంలో పంపడం. ఈ చివర ఆవగింజంత లేజరు మిణుకుతుంది. ఆ చివర ఒక పెట్టె ఆ మిణుకుల్ని పట్టి మళ్ళీ మాట చేస్తుంది. జవాబుకి అటునుంచి ఇటూ ఇలాగే. ఇంతే. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఆ వెలుగు కంటికి కనపడదు. ఎరుపుకి అవతలి రంగు. దారంలో వెలుగు పోతోందో లేదో మీటరు ముల్లు చెప్పాలే తప్ప కన్ను చెప్పదు. రెండోది అతుకు. రెండు దారాల కొసలు నున్నగా కోసి, మైక్రోస్కోపు కింద ఎదురెదురుగా పెట్టి, నిప్పురవ్వతో కరిగించి ఒకటి చెయ్యాలి. మధ్యలో నలుసు పడినా, కొస ఒక్క పిసరు పక్కకి జరిగినా, వెలుగంతా అక్కడే కారిపోతుంది. చిల్లు కుండలో నీళ్ళు మోసినట్టు.

మా యజమాని రాగి మనిషి. రాగితోనే మేడ కట్టాడు, రాగితోనే పిల్లల్ని చదివించాడు. ఒకరోజు మా గది గుమ్మంలో నిలబడి, లోపలికి కూడా రాకుండా చెప్పాడు. "వచ్చేవారం టెలిఫోన్ కంపెనీ వాళ్ళు వస్తున్నారు. ఈ గాజులోంచి వాళ్ళకి మాట శుభ్రంగా వినపడితే గది మీది. వినపడకపోతే మర్నాడే ఇందులో రాగి డ్రమ్ములు పెట్టుకుంటాను."

ఆయన వెళ్ళాక మా బాసు చాలాసేపు గోడల వంక చూశాడు, ఎన్ని డ్రమ్ములు పడతాయో కొలుస్తున్నట్టు.

ఇక్కడ మా వరంగల్ తమ్ముణ్ణి పరిచయం చెయ్యాలి. సొంత తమ్ముడు కాడు. ఒకే అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళం, ఒకే కార్లో పనికి వచ్చేవాళ్ళం. అతనిది రాగి మిల్లులో తీగలు పరీక్ష చేసే ఉద్యోగం. నన్ను ఏడిపించకుండా అతనికి అన్నం అరగదు. యజమాని మాట అప్పటికే మిల్లంతా పాకింది. మధ్యాహ్నం క్యాంటీన్లో నా ఎదురుగా కూర్చున్నాడు.

"ఏందన్నా, పొద్దంత గాజుతోనే పనా?"

"అవును తమ్ముడూ, గాజుతోనే."

"గాజు పని జేసేటోళ్ళని మా దిక్కు గాజులోళ్ళంటరు. వాడవాడ తిరిగి ఆడోళ్ళకు గాజులు తొడుగుతరు. మరి నీకా మీసమెందుకన్నా, అడ్డం గాదా?"

నా మీసం గురించి రెండు ముక్కలు చెప్పాలి. కొసల మీద నిమ్మకాయలు నిలబెట్టే మీసం అంటారే, అదీ. ఒకవైపు నిమ్మకాయ, ఇంకోవైపు బత్తాయి పెట్టినా ఒరిగేది కాదు. షికాగో గాలిలో నేను ఎటు తిరిగితే అటు గాలి చీలేది. తమ్ముడిది కూడా తక్కువేం కాదు, నల్లగా, దట్టంగా, బూట్లు తుడిచే బ్రష్షులా ఉండేది.

నేను మీసం మెలేశాను. "ఒరే తమ్ముడూ, ఆ గాజులోంచి నీ చెవిలో మాట పడకపోతే ఈ మీసం తీసేస్తా. పడితే?"

"పడితే నాది తీస్త. గీ క్యాంటీన్ల ఉన్న కాఫీ మిషన్ సాక్షి."

"మాట మీద ఉంటావా?"

"ఓరుగల్లోళ్ళం అన్నా. మీసం పోయినా మాట పోదు."

కాఫీ మిషన్ ఆ క్షణంలోనే గుర్రుమంది. అది ఎవరి పక్షమో మాకు అర్థం కాలేదు.

ఆ వారం మధ్యలో అసలు పరీక్ష పెట్టుకున్నాం. మా గదిలో మైళ్ళ పొడుగు దారం చుట్టిన డ్రమ్ము ఒకటి ఉంది. దాన్ని కార్ల జాగా కింద పాతిన దారానికి అతికి, అవతల మిల్లు దాకా వెలుగు పంపాలి. బాసు ఇక్కడ అతుకుతాడు. నేను మిల్లు మూలన కూర్చుని మీటరు ముల్లు చూస్తాను. అక్కడ ఫోను లేదు. ఉన్నా ఆ మోతలో పనికిరాదు. కాబట్టి బాసు ఒక ఉపాయం చెప్పాడు. ఆయన కిటికీలోంచి వేటకి వాడే దుర్భిణితో నన్ను చూస్తాడు. అతుకు బాగా కుదిరితే నేను తలూపాలి. కుదరకపోతే ఆయన కోసేసి మళ్ళీ అతుకుతాడు.

"తలూపితే చాలు కదా?" అన్నాను.

"తలూపితే చాలు," అన్నాడు.

ఇంతకంటే తేలికైన ఒప్పందం ప్రపంచంలో లేదనుకున్నాం ఇద్దరం.

మొదటి అతుకు వేశాడు. ముల్లు లేచింది. బాగానే లేచింది. నేను కిటికీ వైపు తిరిగి తలూపాను. మనం ఎలా ఊపుతామో మీకు తెలుసు. నిలువుగా కాదు, అడ్డంగా కాదు. త్రాసులో కూరగాయలు తూచినట్టు ఈ భుజానికోసారి, ఆ భుజానికోసారి. సరే, బాగుంది, కానిచ్చేయ్ అని.

అవతల బాసు దుర్భిణి దించాడు. ముల్లు పడిపోయింది. కోసేశాడు!

ఏమైందో అనుకున్నాను. మళ్ళీ అతికాడు. ముల్లు ఇందాకటికన్నా పైకి లేచింది. నేను ఇంకాస్త ఉత్సాహంగా తలూపాను. మళ్ళీ కోసేశాడు.

ఈయన మనిషి కాడు, తపస్వి అనుకున్నాను. ఉన్నదానితో తృప్తి పడడు. మళ్ళీ అతికాడు, ముల్లు ఇంకా లేచింది. సంగీత కచేరీలో ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి మంచి సంగతి పడినప్పుడు ఎలా తల పంకిస్తాడో అలా పంకించాను. కోసేశాడు. ఇలా సాయంత్రం దాకా. అతుకు బాగుపడిన కొద్దీ నా తల ఊపు పెరిగింది, నా తల ఊపు పెరిగిన కొద్దీ ఆయన కోత పెరిగింది. ఆఖరి అతుక్కి ముల్లు అంచుకి ఆనుకుంది. మధ్యలో అతుకనేది ఉందా లేదా అని మీటరుకే అనుమానం వచ్చే స్థితి. నేను ఆనందం పట్టలేక, పూనకం వచ్చినట్టు, మీసం కొసలు చెవులకి తగిలేలా తలూపేశాను.

ఈసారి కొయ్యలేదు. తలుపు తోసుకుని కార్ల మధ్యగా బాసే నడిచి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఎంత దారుణంగా ఉంది?" అన్నాడు, ఆ మోతలో నా చెవి దగ్గరికి వంగి.

"ఏది?"

"అతుకు. మధ్యాహ్నం నుంచీ కాదు కాదు అంటూనే ఉన్నావు. ఆఖర్న నీ తల ఊడి పడుతుందేమోనని భయపడ్డాను."

"కాదన్నానా? మొదటిదానికే ఔనన్నాను! మీరే కోసేసుకుంటూ పోయారు!"

"ఔనని ఎప్పుడన్నావు?"

నేను తలూపి చూపించాను. ఆయన నన్ను వింత జంతువుని చూసినట్టు చూశాడు.

"ఇది ఔనా?"

"ఔను."

"మరి కాదు అంటే?"

అదీ చూపించాను. ఆయన పక్కనే బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. "నాకు రెండూ ఒకేలా ఉన్నాయి," అన్నాడు నీరసంగా. అంతలో ఆయన కళ్ళు మీటరు మీద పడ్డాయి. లేచి దగ్గరికి వెళ్ళి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. తరవాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకి మిల్లులో రెండు యంత్రాలు సిగ్గుపడి ఆగిపోయాయి.

జరిగింది ఇది. నేను 'కాదు' అంటున్నానని దిగులుపడి, ఏంచెయ్యాలో తోచక, ఆయన ఒకసారి రవ్వని ముందు ఊరికే చూపించాడట, కొసల్ని వెచ్చబెట్టడానికి. దాంతో అంటుకున్న నలుసు కాస్తా కాలిపోయింది. ఆ తరవాత కరిగించి అతికితే అతుకు అద్దంలా వచ్చింది. ఆ చిటికె అక్కడి నుంచి వేళ్ళకి పట్టుబడింది. "నీ మొదటి ఔను నాకు అర్థమై ఉంటే అక్కడే ఆపేసి ఇంటికి పోయేవాణ్ణి," అన్నాడు. తెలుగులో 'అతికినట్టు' అనే మాట ఉంది, రెండు వేరని తెలియకుండా సరిపోయినదాన్ని అలా అంటాం అని ఆయనకి చెప్పాను. ఆ మాట పలకడం ఆయన ఆ సాయంత్రమంతా సాధన చేశాడు.

టెలిఫోన్ కంపెనీ వాళ్ళు వచ్చారు. ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన వెండి జుట్టు మనిషి, తక్కువ మాట్లాడతాడు. అందరూ మా గదిలో ఇరుక్కుని నిలబడ్డారు. రాగి తరఫున మా తమ్ముడు కూడా వచ్చాడు, చంకల్లో చేతులు పెట్టుకుని. అవతల మిల్లు మూలన ఫోను పెట్టి, ఆఫీసావిణ్ణి కూర్చోబెట్టి, పేపరు చదవమన్నాం. అతిథుల కోసం యంత్రాలు ఆపించారు. రిసీవరు ఎత్తారు. మాట వచ్చింది. వాన పడే సూచనలున్నాయి అని పేపర్లో ఉన్న సంగతి గాజులోంచి తేటగా వినపడింది.

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతా అయిపోయిందని నేను మీసం మీదికి చెయ్యి పోనిస్తున్నాను. అప్పుడు యజమాని గొంతు సవరించుకున్నాడు.

"ఒక డ్రమ్ము దూరమేనా? ఊరికీ ఊరికీ మధ్య ఇంతే దూరం ఉంటుందా? ఆ మూలన ఇంకో డ్రమ్ము ఉంది కదా. అదీ కలపండి."

రెండో డ్రమ్ము లెక్కలో లేదు. దారం పెరిగితే వెలుగు తగ్గుతుంది, అతుకులు పెరిగితే ఇంకా తగ్గుతుంది. మామూలు అతుకులతో అయితే ఆ కొసన వెలుగు ఊపిరి ఆగిపోయే పరిస్థితి. బాసు నా వంక చూశాడు. నేను తలూపాను, మన పద్ధతిలో. ఆయనకి ఇప్పుడు ఆ భాష వచ్చు. చొక్కా చేతులు మడిచి మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నాడు.

అంతమంది చూస్తుండగా, ఆ ఎద్దు చేతులు దారపు కొసల్ని కోశాయి, ఎదురెదురుగా పెట్టాయి, ముందు వెచ్చబెట్టాయి, తరవాత కరిగించాయి. గదిలో ఎవరూ ఊపిరి పీల్చలేదు. నేను పీల్చానేమో, దానికి పక్కనున్న కాగితాలు ఎగిరాయి.

పని పూర్తయింది. "ఇప్పుడు ఎవరు వింటారు?" అన్నాడు బాసు.

"అతను వింటాడు," అన్నాడు యజమాని, మా తమ్ముణ్ణి చూపిస్తూ. "రాగి మనిషి. మీ కోసం అబద్ధం చెప్పడు."

తమ్ముడు రిసీవరు అందుకుని, నాకు వినపడేలా తెలుగులో అన్నాడు. "అన్నా, కత్తెర తెచ్చుకున్నవా ఇంటికెల్లి?"

రిసీవరు చెవికి పెట్టుకున్నాడు. విన్నాడు. మొహంలో ఏ మార్పూ లేదు. మా బాసు గోడల వంక చూడటం మొదలుపెట్టాడు, డ్రమ్ములు కొలుస్తూ. నా మీసం దానంతటదే కిందికి వాలింది. మేము అతుకుతున్నంతసేపు ఖాళీగా కూర్చోలేక ఆఫీసావిడ కాఫీకి వెళ్ళిపోయిందని మాకేం తెలుసు?

ఉన్నట్టుండి తమ్ముడి కనుబొమలు లేచాయి. నోరు తెరుచుకుంది.

"ఏమిటి? ఏం వినపడుతోంది?" అన్నాడు యజమాని.

తమ్ముడు నా వంక చూశాడు. "అన్నా," అన్నాడు గొంతు తగ్గించి, "గాజులు."

బాసు చప్పున స్పీకరు మీట నొక్కాడు. గదంతా గలగలమంది. మట్టి గాజులు, డజను ఒక చేతికి, డజను ఒక చేతికి వేసుకున్న మనిషి రిసీవరు అటూ ఇటూ తిప్పి చూస్తే వచ్చే చప్పుడు. దాని వెనకే ఒక గొంతు.

"హలో? ఎవరండీ? ఇక్కడ ఎవరూ లేరు, ఫోను పక్కన పెట్టి ఉంది. హలో?"

మా ఆవిడ! ఆ పొద్దున్న హడావిడిలో నేను అన్నం క్యారియరు ఇంట్లోనే మరిచిపోయాను. ఆవిడ అది పట్టుకుని, మా పక్కింటావిడ కార్లో ఎక్కి, గేటు దగ్గర ఎవరో మిల్లు వైపు చెయ్యి చూపిస్తే అటు వెళ్ళిపోయింది.

"వదినా?" అన్నాడు తమ్ముడు.

"మరిదిగారా! మీ అన్నయ్య అన్నం మరిచిపోయి వచ్చారు. పెరుగన్నం, ఆవకాయ. ఆయనెక్కడ?"

ఆవకాయ అన్న మాటతోపాటు గదిలో ఆవకాయ వాసన కూడా వచ్చింది. అతిథుల్లో ఒకాయన ముక్కు ఎగబీల్చడం నేను కళ్ళారా చూశాను.

వెండి జుట్టాయన మొదటిసారి నోరు విప్పాడు. "ఇది ఏ భాష? ఇది ముందే పట్టిపెట్టిన టేపు కాదని ఎలా తెలుస్తుంది?"

"అదే నేనూ అడగబోతున్నాను," అన్నాడు యజమాని.

"అయితే ఇప్పుడు మాత్రమే జవాబు చెప్పగలిగే ప్రశ్న ఏదైనా అడగమనండి," అన్నాడు వెండి జుట్టాయన.

గదిలో తెలుగు తెలిసినవాళ్ళం ఇద్దరం. నేను అడిగితే ఎవరూ నమ్మరు. నాతో పందెం కాసినవాడే దుబాసీ కావలసి వచ్చింది. తమ్ముడు రిసీవరు తీగ పొడుగునా సాగి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"వదినా, నీ పక్కన కిటికీ ఉన్నది. అండ్లకెల్లి ఇటు చూడు. నేను కనబడుతున్ననా? నేనేం జేస్తున్న చెప్పు."

ఒక్క క్షణం గాజులు కదిలిన చప్పుడు. తరవాత మా ఆవిడ గొంతు, పక్కనే నిలబడి మాట్లాడినంత దగ్గరగా.

"మీసం పట్టుకుని నిలబడ్డారు. ఏం మరిదిగారూ, ఊడిపోతోందా?"

అందరూ తమ్ముడి వైపు తిరిగారు. నిజమే. అతని ఎడమ చెయ్యి తనకే తెలియకుండా మీసాన్ని గట్టిగా పట్టుకుని ఉంది.

"ఏమంది?" అన్నాడు వెండి జుట్టాయన.

తమ్ముడు ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. ఓరుగల్లు మాట. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాడు. వెండి జుట్టాయన నవ్వాడు. ఆయన నవ్వు చూసి మిగతా ఇద్దరూ, వాళ్ళని చూసి యజమాని కూడా నవ్వక తప్పలేదు. అవతల మా ఆవిడ మాత్రం "అన్నం ఎక్కడ పెట్టమంటారు, చెప్పరేం?" అని అడుగుతూనే ఉంది.

నవ్వులు తగ్గాక వెండి జుట్టాయన మా బాసు భుజం మీద చెయ్యి వేశాడు. "ఒక ఊరికి సరిపడా ఇలా వేసి ఇవ్వగలరా?"

మా బాసు ఆనందంగా తలూపాడు. ఎలా ఊపాడనుకున్నారు? త్రాసులా, ఈ భుజానికోసారి, ఆ భుజానికోసారి.

వెండి జుట్టాయన మొహం వాడిపోయింది. "వద్దంటే పోనీలెండి," అంటూ టోపీ అందుకున్నాడు.

"అయ్యా, ఆగండి!" అని నేను అరిచాను. ఆ అరుపు స్పీకరు లేకుండానే మిల్లుకి చేరిందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. "ఆయన ఔనంటున్నారు! అది ఔను! మా ఊరి ఔను!"

రాగి డ్రమ్ములు మా గదిలోకి రాలేదు. మా గదే గోడ బద్దలుకొట్టుకుని మిల్లులో సగం ఆక్రమించింది. యజమాని పోను పోను గాజు మనిషయ్యాడు. ఎవరు వచ్చినా గాజు తన ఆలోచనేనని చెప్పుకునేవాడు, మేమూ ఊరుకునేవాళ్ళం. తమ్ముడు ఆ ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు పైపెదవి నున్నగా మెరుస్తోంది. మా ఆవిడ గుమ్మంలో గుర్తుపట్టక, "ఎవరు కావాలండీ?" అంది. అతను చెయ్యి కడుక్కుంటూ, "అన్నా, నాక్కూడ గా అతుకు నేర్పియ్యవా?" అన్నాడు. నేర్పాం. ఇవాళ మా దగ్గర అతనంత నున్నగా అతికేవాడు లేడు. గాజులోడా అని పిలిస్తే గర్వంగా పలుకుతాడు. ఇప్పుడు సముద్రం అడుగున ఐరోపా దాకా గాజుదారం పరిచారు. అందులోంచి ఎవరెవరో ఏవేవో గొప్ప సంగతులు మాట్లాడుకుంటున్నారు. మా దారంలోంచి మొదట పోయింది వాన కబురని బాసు అంటాడు. చదివిన కాగితానికి లెక్కేముంది, మొదట పోయింది గాజుల చప్పుడని నేనంటాను.

ఇంతవరకూ రాసి మా ఆవిడకి చదవమని ఇచ్చాను. ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి, "ఏమండీ, ఒట్టేసి మరీ రాశారే, ఇందులో అబద్ధం ఉంది," అంది.

ఏదో మీరు కూడా ఊహించే ఉంటారు. ఆవకాయ వాసన అనుకుంటున్నారు. కాదు, అది నిజమే. ముందురోజు క్యారియరు కారి నా జేబురుమాలుకి అంటిన నూనె. ఆవిడ గొంతు వినగానే మొహం తుడుచుకోవడానికి రుమాలు తీశాను, అంతే. తలూపడమా? అక్షరాలా నిజం. గాజుల చప్పుడు మీద ఇంకోసారి ఒట్టేస్తాను. తమ్ముడి మీసమూ నిజమే, పోవడమూ నిజమే.

నా మీసం అబద్ధం. నాకు మీసం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. పెంచితే ఎడంవైపు వస్తుంది, కుడివైపు రాదు. ఆరోజు క్యాంటీన్లో తమ్ముడు అసలు అడిగిన మాట వేరు. "నీకు మీసమే లేకపాయె, ఏం పెడతవన్నా పందెం?" అన్నాడు. నేను ఉద్యోగం పెట్టాను. మాట వినపడకపోతే గాజు వదిలేసి, మిల్లులో అతని చేతికింద డ్రమ్ములు దొర్లిస్తానన్నాను. ఇన్నేళ్ళ తరవాత కూడా ఆ సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని దాని స్థానంలో ఒక మీసం అతికాను. అతుకు కనపడకుండా అతికాననే అనుకున్నాను.

"ఇది తీసెయ్యనా మరి?" అని మా ఆవిణ్ణి అడిగాను.

ఆవిడ తలూపింది. అది ఔనో కాదో, పెళ్ళయిన ఇన్నేళ్ళకీ నాకు తెలియలేదు. ఉంచేశాను.